తండ్రి హక్కును ఎవరూ ఓటుకు పెట్టలేదు

బహామాస్ ఆడవాళ్ల పౌరసత్వ హక్కుల మాట ఎత్తగానే ఒక సమాధానం తయారుగా వస్తుంది. జనాన్ని 2002లో అడిగారు, 2016లో మళ్లీ అడిగారు. రెండుసార్లూ జనం వద్దన్నారు. ఆ ఓటర్లలో సగానికి పైగా ఆడవాళ్లే. తమకు అక్కర్లేదని వాళ్లే తేల్చాక ఇంకా ఈ గొడవ ఎందుకు? ఆ దేశపు రెండు ప్రధాన పార్టీలూ ఏళ్ల తరబడి ఈ సమాధానం మీదే బతుకుతున్నాయి. దూరం నుంచి చూసేవాళ్లు కూడా ప్రజాస్వామ్యం అంటే అదే కదా అని సర్దుకుంటున్నారు. ఈ సమాధానం మొదటి నుంచి చివరి దాకా తప్పు. అది ప్రజల ఓటును అడ్డం పెట్టుకుని, ఏనాడూ ఓటుకు రాని ఒక అన్యాయాన్ని కాపాడుతోంది.

అన్యాయం ఏమిటో ముందు చెప్పాలి. చాలామంది తీర్పు గురించి మాట్లాడతారు గానీ కేసు చదవరు.

ఫ్లోరిడా తీరానికి ఆగ్నేయంగా దాదాపు 700 దీవులతో, 4 లక్షల దరిదాపు జనాభాతో ఉన్న చిన్న దేశం బహామాస్. 1973 జూలై 10న బ్రిటన్ నుంచి స్వతంత్రమైంది. ఆ రోజు అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 8వ అధికరణం ఒక మాట చెబుతుంది: విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి బహామాస్ పౌరుడైతే పుట్టిన క్షణం నుంచే పౌరసత్వం ఉంటుంది. ఆ తండ్రి కూడా విదేశంలో పుట్టి అలాగే పౌరసత్వం పొందినవాడైతే మాత్రం ఉండదు. ఆ తర్వాతి అధికరణం తల్లి గురించి. తల్లి పౌరురాలై, ఆమె భర్త విదేశీయుడైతే, పరదేశంలో పుట్టిన వాళ్ల బిడ్డ 18 ఏళ్లు నిండేదాకా ఆగాలి. 21 నిండేలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. తనకున్న మరో దేశపు పౌరసత్వాన్ని వదులుకోవాలి, విధేయతా ప్రమాణం చేయాలి. ఇంతా చేశాక దేశభద్రత పేరుతోనో ప్రజాప్రయోజనం పేరుతోనో ప్రభుత్వం కాదనవచ్చు. తండ్రి రక్తానికి కాగితం అక్కర్లేదు. తల్లి రక్తం మాత్రం 18 ఏళ్లు వరుసలో నిలబడాలి, ఆ పైన 3 ఏళ్లలో పని పూర్తి చేసుకోవాలి.

10వ అధికరణం పెళ్లి సంగతి చూస్తుంది. బహామాస్ పౌరుణ్ణి పెళ్లాడిన పరదేశీ స్త్రీకి, అడిగితే పౌరసత్వం నమోదు చేయించుకునే హక్కు ఉంది. బహామాస్ పౌరురాలిని పెళ్లాడిన పరదేశీ పురుషుడికి అలాంటి హక్కేమీ లేదు. ఇక 26వ అధికరణం వివక్షను నిషేధిస్తూ జాతి, పుట్టినచోటు, రాజకీయ అభిప్రాయాలు, రంగు, మతం అని వరుసగా చెప్పి ఆగిపోయింది. స్త్రీ అన్న కారణంతో చూపే వివక్ష ఆ జాబితాలో లేదు.

అన్నిటికన్నా విడ్డూరం 14వ అధికరణంలో ఉంది. పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ విషయంలో, ఈ అధ్యాయంలో తండ్రి అని రాసిన ప్రతిచోటా తల్లి అని చదువుకోవాలని అది చెబుతుంది. 8వ అధికరణంతో కలిపి చదివితే వచ్చే ఫలితం ఇది. రాజధాని నసావ్‌లో పుట్టి పెరిగిన ఒక స్త్రీ టొరంటోలో చదువుకుంటూ పెళ్లి చేసుకోకుండా బిడ్డను కంటే ఆ బిడ్డ పుట్టుకతోనే బహామాస్ పౌరుడు. ఆమె సొంత అక్క అదే ఊళ్లో ఒక కెనడా యువకుణ్ణి చర్చిలో పెళ్లాడి బిడ్డను కంటే ఆ బిడ్డ పౌరుడు కాడు. అక్కకూ చెల్లెలికీ ఉన్న తేడా మెడలో తాళో వేలికి ఉంగరమో కాదు, రిజిస్టరులో ఒక సంతకం. ఆ సంతకం చేసిన పాపానికి తల్లి తన బిడ్డకు దేశాన్ని ఇచ్చే హక్కు పోగొట్టుకుంది. వివాహ వ్యవస్థను కాపాడాలంటూ సవరణలకు వ్యతిరేకంగా ఊరూరా ప్రచారం చేసిన పాస్టర్లు నిజానికి కాపాడింది పెళ్లి చేసుకున్న స్త్రీని శిక్షించే ఏర్పాటునే. ఈ ఒక్క సంగతి ప్రతి చర్చిలో ప్రతి ఆదివారం నిదానంగా చదివి వినిపించి ఉంటే ఫలితం ఎలా ఉండేదో అని ఆలోచిస్తాను.

ఇది బహామాస్‌లో ఒక్కచోటే ఉన్న వింత కూడా కాదు. బోట్స్‌వానాలో యూనిటీ డో అనే న్యాయవాది ఒక అమెరికన్‌ను పెళ్లాడింది. పెళ్లికి ముందు పుట్టిన బిడ్డకు బోట్స్‌వానా పౌరసత్వం ఉంది. పెళ్లి తర్వాత అదే దేశంలో, అదే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లలకు లేదు. 1984 నాటి పౌరసత్వ చట్టం చేసిన పని అది. ఆమె తన ప్రభుత్వం మీదే కేసు వేసింది. 1991లో హైకోర్టులో గెలిచింది, 1992లో అప్పీలు కోర్టులోనూ గెలిచింది. అక్కడి ప్రభుత్వం కూడా మా సమాజం పితృస్వామ్య సమాజం, మా సంప్రదాయం ఇంతే అని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. 1995లో చట్టం మారింది. బోట్స్‌వానా మునిగిపోలేదు.

ఇప్పుడు ఆ రెండు ఓట్ల సంగతికి వద్దాం. 2002 ఫిబ్రవరి 27న మొదటి రెఫరెండం జరిగింది. హ్యూబర్ట్ ఇంగ్రహామ్ నాయకత్వంలోని ఎఫ్.ఎన్.ఎమ్. ప్రభుత్వం స్త్రీల పౌరసత్వ సవరణను మరికొన్ని రాజ్యాంగ ప్రశ్నలతో కలిపి జనం ముందు పెట్టింది. పెరీ క్రిస్టీ నాయకత్వంలోని ప్రతిపక్షం పి.ఎల్.పి. పార్లమెంటులో దానికి అనుకూలంగా చేతులెత్తింది. ఆ తర్వాత వీధుల్లోకి వచ్చి వద్దని ఓటేయమంది. అప్పటికి సాధారణ ఎన్నికలు నెలల దూరంలో ఉన్నాయి. సవరణ ఓడింది. మే నెలలో పి.ఎల్.పి. గెలిచింది. స్త్రీల హక్కు ఒక ఎన్నికల ప్రచారానికి తొలి మెట్టుగా పనికొచ్చింది, అంతే. దీన్ని ప్రజాతీర్పు అని పిలిచేవాళ్లు, ఉభయ పార్టీలూ సభలో ఒప్పుకున్న విషయం బజారులో ఎలా తప్పయిందో ముందు చెప్పాలి.

14 ఏళ్ల తర్వాత అదే క్రిస్టీ ప్రధానిగా అదే ప్రశ్నను తిరిగి తెచ్చారు. షాన్ మెక్‌వీనీ అధ్యక్షతన రాజ్యాంగ కమిషన్ 2013లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 4 సవరణలు తయారయ్యాయి. విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి ద్వారా కూడా తండ్రితో సమానంగా పౌరసత్వం ఇవ్వడం ఒకటి. పౌరురాలి భర్తకు పౌరుడి భార్యతో సమానమైన హక్కు ఇవ్వడం రెండోది. మూడోది మగవాళ్ల కోసం: పరదేశీ స్త్రీతో పెళ్లి కాకుండా బిడ్డను కన్న బహామాస్ తండ్రి, పితృత్వం రుజువు చేస్తే తన పౌరసత్వం ఆ బిడ్డకు ఇవ్వగలగడం. 26వ అధికరణపు జాబితాలో లింగాన్ని కూడా చేర్చడం నాలుగోది. ఈసారి ప్రతిపక్ష నేత హ్యూబర్ట్ మినిస్ కూడా మద్దతు పలికారు. 2016 జూన్ 7న ఓటింగ్ జరిగింది. నాలుగూ ఓడాయి. మొదటిదానికి ప్రతి 10 ఓట్లలో సుమారు 6 వ్యతిరేకంగా పడ్డాయి. నాలుగోదానికి సుమారు 8.

ఆ 8 ఓట్లు ఎందుకు పడ్డాయో అందరికీ తెలుసు. స్వలింగ వివాహాలకు దొడ్డిదారి అన్నారు. ఈ ప్రచారం అబద్ధం, మెత్తగా చెప్పే అవసరం నాకు కనిపించడం లేదు. సవరణలోనే లింగం అంటే స్త్రీ లేదా పురుషుడు కావడం అని నిర్వచించారు. అదే 26వ అధికరణంలో వివాహం, విడాకులు, దత్తత, వారసత్వం గురించిన చట్టాలను వివక్ష నిషేధం నుంచి ముందే మినహాయించారు. ఆ మినహాయింపును ఎవరూ ముట్టుకోలేదు. స్త్రీ పురుషుల మధ్య జరగని పెళ్లి చెల్లదని ఆ దేశ వివాహ చట్టం స్పష్టంగా చెబుతూనే ఉంది. ఇన్ని తలుపులు వేసి ఉండగా ఒక్క పదం చేరిస్తే ఏ తలుపు తెరుచుకుంటుంది? స్వలింగ ప్రేమికుల హక్కుల గురించి వాదించదలచినవాళ్లు సూటిగా దాని గురించే వాదించాలి. ఆ భయాన్ని తెచ్చి ఒక తల్లి, ఆమె బిడ్డ నెత్తిన రుద్దడం ఏ ధర్మం?

రెండో సవరణ మీద చేసిన దాడి ఇంకా లోతుగా తగిలింది. అది బతుకు భయం మీద చేసిన దాడి కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. హైతీ నుంచి దశాబ్దాలుగా పడవల మీద జనం వస్తున్నారు. దేశం చిన్నది. బతుకుతెరువు ఎక్కువగా పర్యాటకం మీదే ఆధారపడింది. పరదేశీ మగవాళ్లు మన ఆడపిల్లల్ని డబ్బిచ్చి పెళ్లాడి పౌరసత్వం కొట్టేస్తారు, మన ఉద్యోగాలు తీసుకుపోతారు అన్నారు. పేదవాడికి ఆ భయం ఉండటం తప్పు కాదు. కానీ ఆ భయానికి ఈ రాజ్యాంగం ఇచ్చిన జవాబు ఏమిటో చూడండి. పరదేశీ భార్యకు 1973 నుంచీ తలుపు తెరిచే ఉంది. డబ్బు తీసుకుని పెళ్లి చేసుకునే మగవాడు ఉండడా? పౌరసత్వం కోసం పెళ్లాడే ఆడది ఉండదా? ఇన్నేళ్లలో ఆ తలుపు మూయమని ఏ వేదిక మీద ఎవరు గొంతెత్తారు? దొంగపెళ్లిళ్లు సమస్యైతే దొంగపెళ్లిళ్లను పట్టుకునే చట్టం కావాలి, అది ఇద్దరికీ వర్తించాలి. దేశం చిన్నదన్నది సమస్యైతే భార్యలకూ భర్తలకూ ఒకే హద్దు గీయాలి. అన్న భార్యను రానిచ్చి చెల్లెలి భర్తను ఆపే నియమానికి వలసల అదుపు అని పేరు పెట్టుకున్నంత మాత్రాన అది వలసల అదుపు అయిపోదు. అక్కడ అదుపులో ఉంటున్నది చెల్లెలు ఒక్కతే. ఆమె ఎవరిని పెళ్లాడాలో, పెళ్లాడి ఎక్కడ కాపురం పెట్టాలో రాజ్యం చెబుతోంది. ఆమె అన్నకు అలా చెప్పదు.

ప్రభుత్వం మీద అపనమ్మకం కూడా ఆ ఓటులో ఉంది. అది న్యాయమైన కోపమే. 2013 జనవరిలో క్రిస్టీ ప్రభుత్వమే వెబ్ షాపుల జూదాన్ని చట్టబద్ధం చేయాలా అని జనాన్ని అడిగింది. జనం వద్దన్నారు. 2014లో కొత్త చట్టం తెచ్చి ప్రభుత్వం ఆ జూదాన్ని చట్టబద్ధం చేసేసింది. 2015 జనవరి నుంచి వ్యాట్ వడ్డించింది. ఇలాంటి ప్రభుత్వం ఏం తెచ్చినా వద్దనాలి అనుకున్న ఓటర్లు చాలామంది ఉన్నారు. నేను వాళ్లను నిందించను. కానీ ఇక్కడే ప్రజాతీర్పు వాదన కూలిపోతుంది. జూదం మీద జనం వద్దన్నప్పుడు ఆ వద్దును దాటడానికి పాలకులకు రెండేళ్లు కూడా పట్టలేదు. వెబ్ షాపుల వెనక డబ్బుంది, పన్నుల రాబడి ఉంది. ఆడవాళ్ల పౌరసత్వం మీద జనం వద్దన్నప్పుడు మాత్రం ప్రజావాక్కు పవిత్రమైపోయింది. ఒకే ప్రభుత్వం, ఒకే జనం, ఒకే రకం ఓటు. తేడా ఎవరి ప్రయోజనం తక్కెడలో ఉందన్నదే.

ఇక అందరూ చివరి అస్త్రంగా తీసే మాట: ఆడవాళ్లే వద్దన్నారు. ఓటు రహస్యం, ఏ పెట్టెలో ఎంతమంది ఆడవాళ్ల ఓట్లు ఏ వైపు పడ్డాయో లెక్క లేదు. అయినా ఓటమి తేడా చూస్తే ఎంతోమంది స్త్రీలు వద్దని వేశారన్నది నిజం. ఒప్పుకుంటాను. దానివల్ల తేలేదేమిటి? స్వదేశీయుణ్ణే పెళ్లాడి స్వదేశంలోనే బిడ్డలను కన్న స్త్రీకి ఈ నియమం వల్ల పోయేదేమీ లేదు. ఆమె ఓటు వేసింది తన హక్కు మీద కాదు, పొరుగింటామె హక్కు మీద. పౌరసత్వం ఊరుమ్మడి ఆస్తి కాదు, ఎక్కువమంది వద్దంటే పంచకుండా ఉంచుకోవడానికి. ఏ తల్లి బిడ్డ ఆ తల్లి బిడ్డే. ఆ తల్లి తన బిడ్డకు పౌరసత్వం వద్దనుకుంటే ఆమె ఇష్టం. ఆమె తరఫున వేలమంది స్త్రీలు కలిసి వదులుకున్నా అది వదులుకోవడం కాదు, లాక్కోవడం.

ఆడవాళ్లే వద్దంటున్నారన్న వాదన పాతది కూడా. స్విట్జర్లాండ్‌లో స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వాలా అని 1959 ఫిబ్రవరి 1న అడిగారు, మగవాళ్లను మాత్రమే. దాదాపు 67 శాతం వద్దన్నారు. ఓటు మాకు అక్కర్లేదని ప్రచారం చేసిన స్త్రీల సంఘాలు కూడా ఆ రోజుల్లో ఉన్నాయి. 1971 ఫిబ్రవరి 7న మళ్లీ అడిగితే దాదాపు అదే నిష్పత్తిలో సరేనన్నారు. మధ్యలో గడిచిన 12 ఏళ్లు ఆ దేశపు స్త్రీలు ఓటుకు అర్హులు కాకుండా ఉన్నారా? అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే ప్రాంతంలో మగవాళ్లు 1990 ఏప్రిల్‌లో కూడా మైదానంలో గుమిగూడి వద్దన్నారు. ఆ ఏడాది నవంబర్‌లో సుప్రీం కోర్టు ఆదేశిస్తే గానీ అక్కడి స్త్రీలకు స్థానిక ఎన్నికల్లో ఓటు రాలేదు. ఇవాళ స్విట్జర్లాండ్‌లో ఎవరూ 1959 ఓటును ప్రజాతీర్పు అని గర్వంగా చెప్పుకోరు.

బహామాస్ స్త్రీలకే ఓటు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. మేరీ ఇంగ్రహామ్, జార్జియానా సిమొనెట్, యూజీనియా లాక్‌హార్ట్, డోరిస్ జాన్సన్ వంటి స్త్రీలు సంతకాలు సేకరించి, అర్జీలు పెట్టి, చట్టసభ సభ్యులను ఒప్పించి సాధించుకున్నారు. 1962లో స్త్రీలు మొదటిసారి ఓటేశారు. మగ ఓటర్లందరినీ పిలిచి మీ ఆడవాళ్లకు ఓటు ఇమ్మంటారా అని రెఫరెండం పెట్టలేదు. చట్టసభ చట్టం చేసింది. అలా వచ్చిన ఓటును చూపించే ఇవాళ తల్లి హక్కును తోసిపుచ్చుతున్నారు.

అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. తండ్రి హక్కును ఎప్పుడు ఓటుకు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. 1972 ఎన్నికల్లో అప్పటి ప్రధాని లిండెన్ పిండ్లింగ్ పార్టీ స్వాతంత్ర్యం పేరు మీద ఓటడిగి గెలిచింది. ఆ డిసెంబర్‌లో లండన్‌లో రాజ్యాంగ సమావేశం జరిగింది. అక్కడ కుదిరిన పాఠం బ్రిటిష్ ప్రభుత్వ ఉత్తర్వుగా వెలువడి 1973లో అమల్లోకి వచ్చింది. విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి ద్వారా పౌరసత్వం రావాలా, భార్యకు ఇవ్వాలా అని ఏ ఓటరునూ విడిగా అడగలేదు. మగవాడి హక్కు అడగకుండా వచ్చింది, అది సహజమనిపించుకుంది. ఆడదాని హక్కుకు మాత్రం ఊరందరి అనుమతి కావాలి. ఒకరిది పుట్టుకతో వచ్చిందనీ మరొకరిది జనం దయతో రావాలనీ ఉన్నప్పుడు, ఆ దయ కోసం ఎన్నిసార్లు ఓటు పెట్టినా ఆ పోటీ సమానం కాదు. ఒకరు ఇంట్లో కూర్చుని ఉన్నారు, మరొకరు గుమ్మం బయట నిలబడి లోపలివాళ్ల ఓట్లు లెక్కిస్తున్నారు.

మన దగ్గర ఇది ఎలా జరిగిందో చూస్తే ఈ వాదన ఇంకా తేటపడుతుంది. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే పౌరసత్వం వచ్చేది. 1980లలో బ్రిటన్‌లో డాక్టరుగా పనిచేస్తూ అక్కడివాణ్ణి పెళ్లాడిన గుంటూరు స్త్రీ ఉంటే, ఆమె బిడ్డకు ఆమె వల్ల భారత పౌరసత్వం రాదు. పక్క వార్డులో పనిచేసే గుంటూరు మగ డాక్టరు ఇంగ్లిష్ అమ్మాయిని పెళ్లాడితే అతని బిడ్డకు వస్తుంది. పార్లమెంటు ఈ తేడాను తుడిచేసింది. 1992 డిసెంబర్ 10 నుంచి తల్లి అయినా తండ్రి అయినా ఒకటే. రెఫరెండం జరగలేదు, ఊరేగింపులు జరగలేదు. దేశంలో చాలామందికి ఆ మార్పు జరిగిందనే తెలియదు. విదేశీ భర్తలు వరదలా వచ్చి పడలేదు.

ఆస్తి విషయానికొస్తే మన అనుభవం మరీ దగ్గరిది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో, 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది. ఆ ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. పెళ్లి అనగానే ఆడపిల్ల హక్కు సన్నబడటం అక్కడా ఇక్కడా ఒకటే. 1985లో ఊరూరా ఓటు పెట్టి ఉంటే, భూములున్న తండ్రులు, అన్నదమ్ములు, పుట్టింటితో గొడవ ఎందుకని వెనకాడే ఆడపడుచులు ఎటు వేసేవాళ్లో మన ఊళ్ల సంగతి తెలిసిన ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి. ఓడిపోయేదనే నేను అనుకుంటున్నాను. ఓడిపోయినా కూతురికి హక్కు ఉండాల్సిందే. హిందూ కోడ్ బిల్లును నిలబెట్టలేకపోయిన ప్రభుత్వం నుంచి అంబేడ్కర్ 1951లో తప్పుకున్నప్పుడు ఆయన చూసిందీ ఇదే: సగం జనాభా హక్కులను మిగతావాళ్ల సౌకర్యం కోసం వాయిదా వేస్తూ పోవడం.

రాజ్యాంగంలోనే రెఫరెండం తప్పనిసరి అని రాసి ఉంటే పార్లమెంటు ఏం చేస్తుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 8, 9, 10 అధికరణాల పాఠం మార్చాలంటే సభల్లో ప్రత్యేక మెజారిటీతో పాటు జనం ఓటు కావాలి. ఆ నియమాన్ని తుంగలో తొక్కమని నేను చెప్పడం లేదు. కానీ అదే అధ్యాయంలో 13వ అధికరణం కూడా ఉంది. ఈ అధ్యాయం కింద పౌరులు కానివాళ్లకు పౌరసత్వం ఇచ్చే ఏర్పాట్లు పార్లమెంటు చట్టం ద్వారా చేయవచ్చని అది చెబుతోంది. దానికి రెఫరెండం అక్కర్లేదు. జాతీయత చట్టాన్ని మామూలు మెజారిటీతో సవరిస్తే చాలు. 2002లో ఈ దారి ఉంది, 2016లో ఉంది, ఇప్పుడూ ఉంది. జనం ఒప్పుకోలేదు, మా చేతులు కట్టేశారు అని చెప్పే పాలకుల చేతులు ఎవరూ కట్టలేదు.

ప్రజాతీర్పు వాదన ఎంత బలహీనమైనదో మూడో సవరణ కథ చూపిస్తుంది. బహామాస్‌లో పరదేశీ తల్లికి, పెళ్లి కాని బహామాస్ తండ్రికి పుట్టిన బిడ్డ సంగతి అది. జనం వద్దన్నారు. తర్వాత అలాంటి బిడ్డలు కోర్టుకెళ్లారు. దేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో ఎవరు పౌరులైనా చాలని 6వ అధికరణం చెబుతోంది కదా, మేము పుట్టుకతోనే పౌరులం కదా అన్నారు. 2020లో న్యాయమూర్తి ఇయాన్ విండర్ అవునన్నారు. ప్రభుత్వం అప్పీలు చేసింది, 2021లో అప్పీలు కోర్టు అవునంది. కేసు ఆ దేశానికి తుది అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 2023 మేలో అదీ అవునంది. అంటే 2016లో జనాన్ని పిలిచి వద్దనిపించిన హక్కు 1973 నుంచీ రాజ్యాంగంలోనే ఉంది. ఆ 50 ఏళ్లు ఆ పిల్లలను పాస్‌పోర్టు కౌంటర్ల దగ్గర తిప్పి పంపింది ప్రభుత్వం. లేని హక్కు అడుగుతున్నారని చెప్పి ఉన్న హక్కునే ఓటుకు పెట్టింది. ఇంత జరిగాక కూడా 2016 ఓటును చివరి మాటగా చూపించేవాళ్లను ఏమనాలి?

మగవాడి హక్కు కోర్టు ద్వారా తేలింది, మంచిదే. ఆ పిల్లల కోసం సంతోషిస్తున్నాను. ఆడదాని హక్కుకు మాత్రం కోర్టులో అలాంటి దారి లేదు, ఎందుకంటే 8వ అధికరణం తండ్రి అనే రాసింది, పెళ్లయిన స్త్రీ విషయంలో వేరే అర్థం తీయడానికి చోటివ్వలేదు. 1993లో బహామాస్ స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒప్పందంలో చేరినప్పుడు, పిల్లల జాతీయతలో తల్లికి సమాన హక్కు ఇవ్వాలన్న నిబంధన దగ్గర మినహాయింపు పెట్టుకుంది. ప్రపంచంలో ఇలా తల్లికి సమాన హక్కు ఇవ్వని దేశాలు సుమారు 24 మిగిలాయి. ఆ జాబితాలో ఉండటానికి బహామాస్ దగ్గర ఉన్న ఒకే ఒక్క కారణం ఆ రెండు ఓట్లు. వాటిలో ఒకటి ఎన్నికల ఎత్తుగడ. మరొకటి అబద్ధపు ప్రచారం మీద, జూదం కోపం మీద పడింది.

2016 జూన్ 7న, ఓటింగ్ జరుగుతున్న రోజునే, మయామీ ఆసుపత్రిలో పెళ్లయిన ఒక బహామాస్ స్త్రీకి, ఆమె అమెరికన్ భర్తకు బిడ్డ పుట్టిందనుకోండి. ఆ బిడ్డ దరఖాస్తు పెట్టుకునే అర్హత 2034లో వస్తుంది. 2037 జూన్‌తో పోతుంది. ఆలోగా అమెరికా పౌరసత్వం వదులుకోవాలి, ప్రభుత్వం కాదనకూడదు. అదే రోజు అదే ఆసుపత్రిలో ఒక బహామాస్ మగవాడికి అమెరికన్ భార్య ద్వారా పుట్టిన బిడ్డకు ఈ చింతేమీ లేదు. 13వ అధికరణం కింద పార్లమెంటు రేపు చట్టం చేయవచ్చు. అందులో 1973 జూలై 9 తర్వాత పుట్టిన ప్రతి బిడ్డనూ చేర్చాలి. 21 దాటి గడువు పోగొట్టుకున్నవాళ్లనూ, మరో పౌరసత్వం వదులుకోలేక ఆగిపోయినవాళ్లనూ చేర్చాలి. పౌరురాలి భర్తకు పౌరుడి భార్యకున్న షరతులే ఉండాలి, ఒక్కటి తక్కువా వద్దు, ఒక్కటి ఎక్కువా వద్దు.